లైట్లు ఆరే ముందు ఎందుకంత వెలిగాయి: లాసన్స్ బే కాలనీలో ఒక న్యూట్రల్ కేసు

ఫోన్ వచ్చేసరికి రాత్రి ఏడూ నలభై. విశాఖపట్నం లాసన్స్ బే కాలనీ నుంచి ఒక అమ్మగారు. ఏడాది కిందట వాళ్ళింట్లో నీళ్ళ మోటారు స్టార్టరు మార్చాను, ఆ పరిచయంతో చేశారు.

“బాబూ, ఇంట్లో లైట్లన్నీ పోయాయి. కరెంటు పోలేదు, లైట్లే పోయాయి. ఏటయిందో తెలీటం లేదు.”

మామూలుగా అందరూ “కరెంటు పోయింది” అనే అంటారు. ఈవిడ రెండూ వేరని గమనించి చెప్పారు. ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఫోన్‌లో ఇంత సరిగ్గా చెప్పేవాళ్ళు తక్కువ. బ్యాగు సర్దుకుంటూనే నాలుగు ప్రశ్నలు అడిగాను. వీధి లైట్లు వెలుగుతున్నాయా? వెలుగుతున్నాయి. పక్కింట్లో కరెంటు ఉందా? ఉంది. మీ ఇంట్లో ఏదైనా నడుస్తోందా?

“ఫ్రిజ్ గుర్రుమని ఆగిపోతోంది, మళ్ళీ గుర్రుమంటోంది. పైన అద్దెకున్నవాళ్ళ ఫ్యాను నీరసంగా తిరుగుతోందట.”

లైట్లు పోయే ముందు ఏమైనా తేడాగా వెలిగాయా?

“అదే చెబుదామనుకుంటున్నాను బాబూ. ఒక్కసారి హాలంతా పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది. టప్పుమని శబ్దం. అంతే, చీకటి.”

ఆ మాటతో నాకు టెన్షన్ మొదలైంది. పోయింది న్యూట్రల్ (వాడుకున్న కరెంటు తిరిగి వెళ్ళే తీగ) అని నూటికి తొంభై పాళ్ళు అక్కడే అర్థమైపోయింది. “అమ్మా, నేను వచ్చేదాకా ఆగొద్దు. మీటరు దగ్గర మెయిన్ స్విచ్ ఇప్పుడే దించేయించండి. పైనున్న కుర్రాడికి చెప్పండి. కాళ్ళకి చెప్పులు ఉండాలి, చేతులు పొడిగా ఉండాలి. హ్యాండిల్‌ని చేత్తో పట్టుకోవద్దు, పొడి చెక్క కర్రతో లాగమనండి. ఈలోగా ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కుళాయి, ఏదీ ముట్టుకోకండి” అన్నాను. కర్ర ఎందుకంటే, ఆ మెయిన్ పాత ఇనప పెట్టె. దానికి ఎర్తు (లీకైన కరెంటుని నేలలోకి పంపే తీగ) ఎలా ఉందో నాకు తెలీదు. తెలీనప్పుడు లేదనే అనుకోవాలి. మెయిన్ దించేశామని ఆవిడ చెప్పేదాకా ఫోన్ పెట్టలేదు.

అక్కయ్యపాలెం నుంచి బండి మీద బయల్దేరాం, నేనూ మా కుర్రాడూ. దారంతా వాడు ఒకటే అడిగాడు: “అన్నా, లైట్లు పోతే ఫ్రిజ్ ముట్టుకోవద్దన్నారేంటి?” వాడికి ఆ రాత్రి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను. ఈ పని నేర్చుకునే కుర్రాళ్ళకీ, సముద్రం దగ్గర కాపురం ఉండేవాళ్ళకీ ఇది తెలియాలి.

ముందు ఇంటి సంగతి. కింది అంతస్తు 1990ల నాటిది. పై అంతస్తు తర్వాత కట్టారు. అప్పుడే సింగిల్ ఫేజు (కరెంటు తెచ్చే తీగ ఒకటే) తీసేసి త్రీ ఫేజు (అలాంటి తీగలు మూడు) సర్వీసు తీసుకున్నారు. పోర్టికో గోడకి మీటరు, దాని పక్కన ఇనప పెట్టెలో పాత రకం మెయిన్ స్విచ్, మూడు కిట్‌క్యాట్ ఫ్యూజులు (చేత్తో పీకి పెట్టే పింగాణీ ఫ్యూజులు), అడుగున న్యూట్రల్ లింకు, అంటే న్యూట్రల్ తీగల్ని కలిపే ఇత్తడి ముక్క. అక్కడి నుంచి కింది ఇంటికో డీబీ (గదులకి కరెంటు పంచే పెట్టె), పై ఇంటికో డీబీ. కింద రిటైరైన మాస్టారు, అమ్మగారు. పైన ఓ చిన్న కుటుంబం, వాళ్ళకో ఏసీ. గేటు దగ్గర నిలబడితే అలల చప్పుడు వినిపిస్తుంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ రేకులు తెల్లగా పొడిబారి ఉన్నాయి. గేటు బందులు తుప్పుతో ఉబ్బిపోయాయి. గాలిలో ఉప్పు ఎంత ఉందో చెప్పడానికి వేరే పరికరం అక్కర్లేదు, గేటు బందు చూస్తే చాలు.

మాస్టారు టార్చి పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డారు. “పది రోజుల నుంచీ బల్బులు మాడిపోతున్నాయయ్యా. మూడు మార్చాం. మొన్న ఒకతన్ని పిలిస్తే, కంపెనీ మంచిది కాదని వేరేవి పెట్టి వెళ్ళాడు.” సాయంత్రాలు పైన ఏసీ వేయగానే కింద లైట్లు ఒక్క క్షణం ఎగసి మళ్ళీ సర్దుకునేవట. కేసు మొత్తం ఆ ఒక్క గుర్తులోనే ఉంది. పెద్ద లోడు వేసినప్పుడు లైట్లు కాస్త తగ్గడం చాలా ఇళ్ళలో చూస్తాం. వైరు సన్నమైనా, సర్వీసు దూరమైనా అలా తగ్గుతుంది. కానీ ఒక చోట పెద్ద లోడు వేస్తే ఇంకో చోట లైటు పెరగడం కనిపిస్తే ముందు అనుమానించాల్సింది వదులైన న్యూట్రల్‌నే. పది రోజులుగా ఆ ఇల్లు చెబుతూనే ఉంది. విన్నవాళ్ళు బల్బు మార్చి వెళ్ళిపోయారు.

మా కుర్రాడికి అర్థమయ్యేలా చెప్పిన మాట ఇది. త్రీ ఫేజు ఇంట్లో మూడు ఫేజులుంటాయి. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య 400. మన లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య పనిచేసేవే. మూడు ఎడ్లని ఒకే గుంజకి కట్టినట్టు అనుకో. గుంజ గట్టిగా ఉన్నంతసేపు ఏ ఎద్దు ఎంత లాగినా ముడి కదలదు. గుంజ ఊడిందా, బలమైన ఎద్దు ఎటు లాగితే ముడి అటే పోతుంది. ఎక్కువ లోడున్న ఫేజు న్యూట్రల్‌ని తనవైపు లాక్కుంటుంది. అక్కడ వోల్టేజీ పడిపోతుంది. తక్కువ లోడున్న ఫేజు మీద మిగిలినదంతా వచ్చి పడుతుంది.

లెక్క కూడా వేసి చూపించాను. ఒక ఫేజు మీద 100 వాట్ల పాత బల్బు, ఇంకో ఫేజు మీద 1000 వాట్ల హీటరు ఉన్నాయనుకో. న్యూట్రల్ పోతే రెండూ 400 వోల్టుల మధ్య వరసగా కలిసిపోతాయి. బల్బు రెసిస్టెన్సు 529 ఓములు, హీటరుది దాదాపు 53. 400 వోల్టుల్లో 364 దాకా బల్బు మీదే పడుతుంది, హీటరుకి మిగిలేది 36. బల్బు భగ్గుమంటుంది, హీటరు గోరువెచ్చగా కూడా కాదు. ఈ ఇంట్లో హాలు లైట్లు, టీవీ ఒక ఫేజు మీదున్నాయి, లోడు చాలా తక్కువ. ఇంకో ఫేజు మీద పై ఏసీ, పై ఫ్యాన్లు, కింది ఫ్రిజ్. అందుకే కింద హాలు పెళ్ళిపందిరైంది, పైన ఫ్యాను నీరసపడింది. చాలినంత వోల్టేజీ లేక ఫ్రిజ్ కంప్రెసర్ తిరగలేక గుర్రుమంది.

ఇక పని. మెయిన్ దించి ఉంది. రెండు డీబీల్లోనూ ఎంసీబీలన్నీ (లోడు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్‌లు) ఒక్కోటీ దించేశాం. ఇది చేయకుండా “ఓసారి వేసి చూద్దాం” అని మెయిన్ ఎత్తితే, మిగిలిన సామాను కూడా పోతుంది. ఎంసీబీలు అన్నీ దించాక, గ్లవ్స్ వేసుకుని మెయిన్ ఎత్తాను. ఫేజుల మధ్య కొలిస్తే 412, 410, 413. మూడు ఫేజులూ ఉన్నాయి, అంటే ఫ్యూజు సమస్య కాదు.

తర్వాత కింది డీబీలో ఒకే ఒక్క లైటింగ్ ఎంసీబీ ఎత్తి, వరండా లైటు స్విచ్ వేయమన్నాను. ఆ బల్బు మాడలేదు, మిగిలిందదే. లైటు వెలగలేదు. ఒక్క లోడే ఉంది, కరెంటుకి తిరిగి వెళ్ళే దారి లేదు, కాబట్టి వెలగదు. అప్పుడు టెస్టరు డీబీలో న్యూట్రల్ తీగలన్నీ కలిసే న్యూట్రల్ బార్ మీద పెట్టాను. ఎర్రగా వెలిగింది.

మా కుర్రాడు ఒక్కడుగు వెనక్కి వేశాడు. “అన్నా, న్యూట్రల్‌లో ఫేజు!”

అవును. బల్బులోంచి వెళ్ళిన ఫేజు అవతలికి పోలేక న్యూట్రల్ తీగంతా నిండిపోయింది. ఇల్లు చీకటిగా ఉంది, కానీ ఇంట్లో ప్రతి తీగా ప్రాణంతో ఉంది. నల్ల తీగ కదా, ఏమీ కాదని చెయ్యి పెట్టే అలవాటు మన పనివాళ్ళలో చాలామందికి ఉంది. దానివల్ల మనుషులు పోయారు.

అప్పుడే నాకు ఒక అనుమానం వచ్చింది. టెస్టరు కుర్రాడికిచ్చి, “వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, గ్రైండరు, ఒక్కోదాని బాడీకి టెస్టరు కొన మాత్రమే ఆనించి చూడు. ఇంకేదీ తగలనివ్వకు” అన్నాను. ఫ్రిజ్ దగ్గర ఏమీ లేదు. గ్రైండరు దగ్గర ఏమీ లేదు. వెనక వరండాలో వాషింగ్ మెషీన్ దగ్గర వాడి గొంతు మారిపోయింది. “అన్నా, వెలుగుతోంది.”

మెషీన్ స్విచ్ ఆపి ఉంది. ఆ సర్క్యూట్ ఎంసీబీ దించి ఉంది. అయినా మెషీన్ రేకు మీద టెస్టరు వెలిగింది. వెంటనే మెయిన్ దించేశాను.

ప్లగ్ బోర్డు విప్పి చూస్తే కారణం కనిపించింది. మూడు పిన్నుల సాకెట్టులో ఎర్తు పిన్నుకి వైరు రాలేదు, పాత పైపులో అసలు ఎర్తు వైరే లాగలేదు. ఎవరో పనివాడు, అంగుళంన్నర పచ్చ వైరు ముక్క తీసుకుని ఎర్తు పిన్నుని న్యూట్రల్ పిన్నుకి కలిపేశాడు. మామూలు రోజుల్లో ఇది ఎవరికీ తెలీదు. టెస్ట్ బల్బు పెడితే ఫేజుకీ ఎర్తుకీ మధ్య చక్కగా వెలుగుతుంది, ఎర్తు ఉందనుకుంటారు. న్యూట్రల్ తెగిన రోజున మాత్రం, న్యూట్రల్ మీదికొచ్చిన వోల్టేజీ అంతా ఆ ముక్క దాటి నేరుగా మెషీన్ బాడీ మీదికి వస్తుంది. స్విచ్ గానీ ఎంసీబీ గానీ ఆపేది ఫేజుని మాత్రమే, న్యూట్రల్‌ని కాదు. అందుకే రెండూ ఆపి ఉన్నా లాభం లేదు. మా పరీక్షలో ఒక చిన్న ఎల్ఈడీ బల్బులోంచి వచ్చిన కరెంటే అది. సాయంత్రం ఏసీ, ఫ్రిజ్ అన్నీ నడుస్తున్నప్పుడు అదే బాడీని తడి చేత్తో పట్టుకుంటే ఏమయ్యేదో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

మాస్టారు అప్పుడు చెప్పారు. “లైట్లు పోగానే టార్చి కోసం వెనక వరండాలోకి వెళ్ళాను. మెషీన్‌కి మోచెయ్యి తగిలి జివ్వుమంది. గోడ తడిగా ఉందేమో అనుకున్నాను.” కాళ్ళకి హవాయి చెప్పులున్నాయి. ఆ రబ్బరే ఆయన్ని కాపాడింది. అమ్మగారు కుర్చీలో కూర్చుండిపోయారు. ఇంత జరిగిందని ఆయన ఆవిడకి కూడా చెప్పలేదు.

ఆ పచ్చ ముక్క పెట్టిన మనిషి ఎవరో నాకు తెలీదు, తెలుసుకోవాలని కూడా అడగలేదు. కానీ ఇది చదివే తమ్ముళ్ళకి చేతులు పట్టుకుని చెబుతున్నాను. ఎర్తు లేకపోతే “ఎర్తు లేదు” అని ఇంటివాళ్ళకి చెప్పండి. పని ఆగినా పర్వాలేదు. న్యూట్రల్‌ని ఎర్తుగా చూపించడం కంటే అసలు ఎర్తు లేకపోవడమే నయం.

తెగింది ఎక్కడో తేల్చాలి. దీనికి నేను డిజిటల్ మీటరు ఒక్కదాన్నే నమ్మను. దారి తెగి తేలుతున్న న్యూట్రల్ మీద అది ఒకసారి 90 చూపిస్తుంది, ఇంకోసారి 140 చూపిస్తుంది. పక్కన వెళ్ళే తీగల నుంచి ఊరికే ఎక్కే వోల్టేజీని కూడా చదువుతుంది. నా దగ్గర ఫిలమెంటు బల్బులు ఇంకా దాచి ఉంచాను. ఒక 100 వాట్ల బల్బు హోల్డరులో పెట్టి, మెయిన్ స్విచ్ లోపల ఒక కొన ఫేజుకీ రెండో కొన మీటరు వైపు నుంచి వచ్చే న్యూట్రల్‌కీ ఆనించాను. నిండుగా వెలిగింది. రెండో కొనని న్యూట్రల్ లింకు అవతల, ఇంట్లోకి వెళ్ళే తీగకి ఆనించాను. వెలగలేదు. అంటే కరెంటు డిపార్ట్‌మెంటు వైపు న్యూట్రల్ బాగుంది. రెండు అంగుళాల ఆ లింకులోనే తప్పంతా ఉంది.

మెయిన్ దించినా పై టెర్మినళ్ళలో ఫేజు ఉంటుంది, కాబట్టి ఆ పెట్టెలో లైవు మీద పని చేయకూడదు. డిపార్ట్‌మెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేశాం. తొమ్మిదింపావుకి లైన్‌మన్ వచ్చి వీధి వైపు నుంచి సప్లై వేరు చేశాడు. ఆ గంటసేపూ ఒక ఎమర్జెన్సీ లైటు పెట్టి, ఫ్రిజ్ తలుపు తీయవద్దని చెప్పి కూర్చున్నాం. మాస్టారి ఇన్సులిన్ అందులో ఉంది. అమ్మగారికి దాని గురించే ఎక్కువ దిగులు. తలుపు మూసే ఉంటే గంట రెండు గంటల్లో చల్లదనం పోదని చెప్పాక కాస్త ఊపిరి తీసుకున్నారు.

సప్లై పోయిందని మళ్ళీ కొలిచి నిర్ధారించుకుని లింకు విప్పాను. ఇత్తడి లింకు మీద పచ్చటి చిలుము. స్క్రూ, నేను డ్రైవరు పెట్టకముందే, వేలితో ముప్పావు చుట్టు తిరిగింది. దాని కింద రెండు తీగలు: కింది ఇంటి పాత అల్యూమినియం తీగ, పై అంతస్తు కట్టినప్పుడు చేర్చిన రాగి తీగ. రెండింటినీ మెలితిప్పి ఒకే కన్నంలో దూర్చారు. అల్యూమినియం చుట్టూ తెల్లటి పొడి. రాగి పోగులు నల్లబడి, అక్కడక్కడా పచ్చబడి ఉన్నాయి. లింకు కింది దిమ్మ గోధుమ రంగుకి కాలింది. గోటితో గీకితే అల్యూమినియం పోగులు రెండు బూడిదలా రాలిపోయాయి. ఆ తీగలు ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి, లింకుని మాత్రం వదిలేశాయి. అందుకే కింది ఇల్లూ పై ఇల్లూ కలిసి ఒకే తేలే న్యూట్రల్ మీద ఊగాయి.

ఎందుకిలా అవుతుందంటే, అల్యూమినియం మీద గాలి తగలగానే ఒక పలచటి పొర పడుతుంది. ఆ పొర కరెంటుని పోనివ్వదు. అల్యూమినియం వేడికి రాగి కంటే దాదాపు మూడో వంతు ఎక్కువ సాగుతుంది. రోజూ సాయంత్రం లోడు పడి వేడెక్కుతుంది, తెల్లవారుజామున చల్లబడుతుంది. ఏళ్ళ తరబడి ఇలా సాగుతూ ముడుచుకుంటూ స్క్రూ కింద అది నలిగి వదులవుతుంది. వదులైన చోట ఇంకా వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా వదులవుతుంది. దీనికి తోడు రాగి, అల్యూమినియం ఒకచోట కలిసి ఉప్పు తేమ తగిలితే చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. ఎక్కడైనా ఇది మంచి జాయింటు కాదు. పెదవాల్తేరు, లాసన్స్ బే, జాలారిపేట లాంటి చోట్ల ఇది మరీ తొందరగా చెడుతుంది.

ఈ పెట్టెకి ఇంకో చరిత్ర కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పోర్టికో రేకు ఊడి ఈ పెట్టె మీద పడిందని మాస్టారు చెప్పారు. ఊరంతా చీకట్లో ఉన్న ఆ రోజుల్లో ఎవరు దొరికితే వాళ్ళతో పెట్టె మళ్ళీ గోడకి బిగించుకున్నారు. మూత అప్పటి నుంచీ సరిగ్గా మూసుకోవడం లేదు. హుద్‌హుద్ తర్వాత విశాఖలో చాలాచోట్ల కరెంటు కేబుళ్ళు భూమిలోకి వెళ్ళాయి, గాలివానకి తట్టుకునేలా చేశారు. మంచి పని. కానీ మీటరు దాటాక ఉన్నదంతా ఇంటివాళ్ళదే, దాని సంగతి ఇంటివాళ్ళే చూసుకోవాలి. వీధి మారినంత మాత్రాన మన గోడ మీద పెట్టె మారిపోదు.

ఒక మాట దాచకూడదు. ఏడాది కిందట మోటారు పనికి వచ్చినప్పుడు ఈ మెయిన్‌ని నేనే దించాను, నేనే ఎత్తాను. మూత సరిగ్గా పడకపోవడం కూడా చూశాను. తీసి లోపల చూడలేదు. మోటారు పనికి వెళ్ళాను, ఆ పని చేసి వచ్చేశాను. పది నిమిషాలు వెచ్చించి ఉంటే ఆ స్క్రూ అప్పుడే దొరికేది. ఈ కేసు తర్వాత బీచ్ వైపు ఏ ఇంటికి ఏ పని మీద వెళ్ళినా, అడిగి మరీ మెయిన్ పెట్టె తీసి న్యూట్రల్ చూస్తున్నాను. దానికి వేరే డబ్బులు తీసుకోవడం లేదు.

ఆ రాత్రి తాత్కాలికంగా చేసింది ఇది. రెండు తీగలనీ చెడని భాగం దాకా కోశాను. అల్యూమినియం తీగకి బైమెటాలిక్ లగ్గు (అల్యూమినియం, రాగి రెండూ కలిపి చేసిన తొడుగు), రాగి తీగకి రాగి లగ్గు పెట్టి క్రింప్ చేశాను, అంటే గట్టిగా నొక్కి బిగించాను. కొత్త ఇత్తడి బ్లాకులో రెండింటికీ వేర్వేరు స్క్రూలు. వాషింగ్ మెషీన్ బోర్డులో పచ్చ ముక్క తీసేసి, ఆ పాయింటు వాడొద్దని టేపు అంటించాను.

సప్లై వచ్చాక ఇంటి లోడు వేసేముందు చేసిన పరీక్ష గురించి కొంచెం చెప్పాలి. చాలామంది మూడు ఫేజులకీ మూడు ఒకే వాట్ల బల్బులు పెట్టి, సమానంగా వెలిగితే న్యూట్రల్ ఉందనుకుంటారు. అది తప్పు. మూడు లోడులూ సమానంగా ఉంటే న్యూట్రల్ తెగినా బల్బులు సమానంగానే వెలుగుతాయి, ఎందుకంటే అప్పుడు గుంజ లేకపోయినా మూడెడ్లూ సమానంగా లాగుతున్నాయి. నేను మూడు 100 వాట్ల బల్బులు పెట్టి, ఒకదాన్ని హోల్డరులోంచి తీసేశాను. న్యూట్రల్ లేకపోతే మిగిలిన రెండూ 400 వోల్టులు పంచుకుని ఒక్కోటి 200 మీద మసకబారేవి. మారలేదు. ఒకటి తీసి 40 వాట్లది పెట్టాను, అప్పుడూ మారలేదు. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 238, 236, 238. అప్పుడే ఎంసీబీలు ఒక్కోటీ ఎత్తాను. పదకొండు కావస్తుండగా హాల్లో కొత్త బల్బు వెలిగింది.

మర్నాడూ ఆ మర్నాడూ అసలు పని. పాత ఇనప పెట్టె తీసేసి, రబ్బరు సీలున్న ప్లాస్టిక్ పెట్టెలో నాలుగు పోళ్ళ ఎంసీబీ (మూడు ఫేజులనీ న్యూట్రల్‌నీ కలిపి విడదీసేది), దాని తర్వాత 30 మిల్లీయాంపుల నాలుగు పోళ్ళ ఆర్‌సీసీబీ పెట్టాం. వోల్టేజీ 260 దాటినా 180 కంటే తగ్గినా ఇంటిని విడదీసే రిలే కూడా పెట్టాం. ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. ఆర్‌సీసీబీ పెడితే అన్నిటికీ రక్షణే అనుకుంటారు. అది మనిషిలోంచి నేలలోకి పోయే కరెంటుని పట్టుకుంటుంది, ప్రాణం కాపాడుతుంది. న్యూట్రల్ తెగి 350 వోల్టులు వచ్చినా అది మాత్రం కదలదు, ఎందుకంటే కరెంటు నేలలోకి పోవడం లేదు. సామాను కాపాడాలంటే వోల్టేజీ రిలే వేరే ఉండాలి. ఈ ఇంట్లో ఏడు బల్బులు, టీవీ పవర్ బోర్డు, వైఫై ఎడాప్టరు, ఒక ఫ్యాను రెగ్యులేటరు పోయాయి. ఒక్క టీవీ బాగుకి అయిన డబ్బుతోనే ఆ రిలే వచ్చేది.

పాత ఎర్తు గుంట తవ్వితే జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనప తీగ) భూమిలోనే తెగిపోయి కనిపించింది. కొత్త పైపు ఎర్తు వేసి, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, గీజరు పాయింట్లకి వేరే పచ్చ వైరు లాగాం. పై ఏసీని, కింది ఫ్రిజ్‌ని వేర్వేరు ఫేజుల మీదికి మార్చాం.

ఇంటివాళ్ళు చీకట్లో తేడా ఎలా పోల్చుకోవాలని అమ్మగారు అడిగారు. ఒక్క గది లైట్లే పోయి మిగతావి మామూలుగా ఉంటే ఆ గది ఎంసీబీ పడి ఉంటుంది. త్రీ ఫేజు ఇంట్లో సగం ఇల్లు ఆరిపోయి, మిగతా సగం ఎప్పటిలాగే వెలుగుతుంటే ఒక ఫేజు పోయింది. లైన్ వైపు నుంచి గానీ ఫ్యూజు వల్ల గానీ అలా అవుతుంది, కంగారు అక్కర్లేదు. కానీ ఒక చోట కాంతి పెరిగి, ఇంకో చోట తగ్గి, ఫ్రిజ్ గుర్రుమంటే ఇక ఆలోచించకండి. మెయిన్ దించి, తర్వాత ఫోన్ చేయండి. ఏ బల్బు మాడిందని వెతకొద్దు, టీవీ ప్లగ్గు పీకడానికి కూడా వెళ్ళొద్దు. ముందు మెయిన్.

నెల తర్వాత వెళ్ళి కొత్త స్క్రూలన్నీ మళ్ళీ బిగించాను. కొత్త అల్యూమినియం జాయింటు మొదటి నెల రోజుల్లో కొంచెం సర్దుకుంటుంది, తిరిగి చూడకపోతే చేసిన పని సగమే. ఒకటి పావు చుట్టు తిరిగింది. అమ్మగారు కాఫీ ఇచ్చి, కాలిన ఆ లింకు ఇంకా ఉందా అని అడిగారు. నా బ్యాగులోనే ఉంది, తీసి చూపించాను. చేతిలో తిప్పి చూసి, “ఇంత ముక్కా బాబూ” అన్నారు.

మొన్న వానల్లో ఒక రాత్రి పై ఇంటి అమ్మాయి ఫోన్ చేసింది. “అన్నా, ఎంవీపీ కాలనీలో మా అక్కవాళ్ళింట్లో లైట్లు ఎగసిపడుతున్నాయట. మీరు వెళ్ళగలరా?”

“మెయిన్ దించారా అమ్మా?”

“దించమని చెప్పి, దించారని విన్నాకే మీకు చేస్తున్నాను.”